సౌరజ్వాలలు - ఎక్స్ కిరణాలు

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి పట్టణాలకు తూర్పున, బంగాళాఖాతపు ఒడ్డు వెంబడి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన సీమను ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటనుంచే ఆ పేరు వచ్చినదని చెబుతారు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, నాలుగున్నర, ఐదున్నర గంటల మధ్య, తిత్లీ తుఫాను పలాస సమీపాన ఈ తీరాన్ని దాటినది. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగంతో వీచినది. ఏళ్ళ తరబడి పెంచుకున్న కొబ్బరిచెట్లు వరుసలు వరుసలుగా నేలకొరిగినవి. కరెంటు స్తంభాలు విరిగినవి. ఊరికీ ఊరికీ మధ్య మాట తెగిపోయినది.

అటువంటి వేళ తీగలతోను, స్తంభాలతోను పనిలేని సాధనం రేడియో. ఒక బ్యాటరీ, చిన్న యంత్రం, నాలుగు బారల ఏరియల్ తీగ ఉంటే హ్రస్వతరంగాల మీద వందల కిలోమీటర్ల దూరానికి కబురు పంపవచ్చును. అయితే ఆ రేడియో కూడా ఒక్కొక్కప్పుడు పట్టపగలు, యంత్రంలో ఏ లోపమూ లేకుండానే, మూగవోవును. కారణం యంత్రంలో లేదు, ఊరిలో లేదు. అది 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నది. సూర్యుని మీద లేచిన జ్వాలనుంచి వచ్చే ఎక్స్ కిరణాలే రేడియో నోరు నొక్కుచున్నవి. ఈ సంగతి రుజువు కావడానికి దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ కిరణాలు ఎందుకు పుట్టుచున్నవో తెలియడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టినవి.

ఆకాశంలోని అద్దం

రేడియో తరంగాలు తిన్నగా పోవును. భూమి గుండ్రన. కనుక దూరపు ఊరికి తరంగం నేరుగా చేరలేదు. హ్రస్వతరంగాలు మాత్రం పైకి పోయి, అయనావరణమనే పొరకు తగిలి, వంగి, తిరిగి నేలకు వచ్చును. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎత్తున ఉండే పలుచని గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రానులను ఊడగొట్టుటవల్ల ఈ పొర ఏర్పడినది. రేడియోకు ఇది ఆకాశంలోని అద్దం వంటిది.

ఈ అద్దానికి చాలా దిగువన, 60 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తున, పగటిపూట మాత్రమే బలంగా ఉండే మరొక పొర ఉన్నది. దానిని డి పొర అంటారు. రేడియో తరంగం పోయేటప్పుడు దారిలోని ఎలక్ట్రానులు దానితోపాటు ఊగును. పై పొరలో గాలి మిక్కిలి పలుచన. ఊగిన ఎలక్ట్రాను ఆ శక్తిని మరల తరంగానికే ఇచ్చివేయును. డి పొరలో గాలి అంతకంటె దట్టం. ఊగే ఎలక్ట్రాను పక్కనున్న అణువును ఢీకొని, తరంగం ఇచ్చిన శక్తిని వేడిగా పోగొట్టును. మామూలు రోజులలో ఈ నష్టం కొద్దిపాటిదే. కాని సౌరజ్వాల లేచినప్పుడు ఎక్స్ కిరణాలు డి పొర దాకా చొచ్చుకువచ్చి, అక్కడి ఎలక్ట్రానుల సంఖ్యను నిమిషాలలో ఎన్నో రెట్లు పెంచును. తరంగం ఇసుకలో పోసిన నీటివలె దారిలోనే ఇంకిపోవును. అద్దం పైన ఉన్నా, దానిని చేరేదే ఉండదు.

పేరు పెట్టకముందే పడిన గుర్తు

సౌరజ్వాలను మొట్టమొదట చూచిన రోజు 1859 సెప్టెంబరు 1. ఇంగ్లండులో రిచర్డు కారింగ్టన్ అనే జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యుని మచ్చల చిత్రం గీస్తూ ఉండగా, ఒక మచ్చల గుంపు మీద రెండు తెల్లని వెలుగులు తళుక్కుమని మెరిసి, అయిదు నిమిషాలలో మాయమైనవి. రిచర్డు హాడ్జిసన్ అనే మరొకరు వేరొక చోటినుంచి అదే చూచినారు. ఆ క్షణాననే లండన్ సమీపాన క్యూ అబ్జర్వేటరీలోని అయస్కాంత సూచి కొంచెం కదలి, కాగితం మీద కొక్కెం వంటి చిన్న వంపు గీసినది. పదిహేడున్నర గంటలు గడచిన తరువాత మహా అయస్కాంత తుఫాను భూమిని తాకినది. బొంబాయిలోని కొలాబా అబ్జర్వేటరీ దానిని నమోదు చేసినది.

ఆ తుఫాను సూర్యుని నుంచి ఎగిరివచ్చిన వేడి వాయుమేఘం వల్ల కలిగినది. చిన్న కొక్కెం సంగతి వేరు. జ్వాల ఎక్స్ కిరణాలు అయనావరణంలో విద్యుత్ప్రవాహాలను హఠాత్తుగా బలపరచుటవల్ల సూచి కదలినది. రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. అంటే ఆ కిరణాలకు పేరు పెట్టడానికి 36 సంవత్సరాల ముందే అవి తమ గుర్తును భూమి మీద వేసిపోయినవి. చదివేవారే లేకపోయినారు.

గుంటూరు గ్రహణం

దీనికి తొమ్మిదేండ్ల తరువాత, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగుదేశం మీదుగా సాగినది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోను, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఆంగ్లేయుడు టెన్నెంట్ గుంటూరులోను వర్ణపటదర్శినులతో సిద్ధంగా నిలిచినారు. చంద్రబింబం అంచున లేచిన ఎర్రని సౌరశిఖల వర్ణపటంలో కాంతివంతమైన గీతలు కనిపించినవి. కనుక సౌరశిఖలు ప్రజ్వలించే వాయువులని తేలినది. ఆ గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నవంటే, మరునాడు గ్రహణం లేకుండానే జాన్సెన్ వాటిని గుంటూరులో చూడగలిగినాడు. వాటిలోని పసుపుపచ్చ గీత హీలియం అనే మూలకానిదని తరువాత గుర్తించినారు.

సౌరశిఖ, సౌరజ్వాల ఒకటి కావు. అయినా సూర్యుని వెలుగును గీతలుగా విప్పి, అక్కడి పదార్థాన్ని తెలుసుకొనే మార్గం గుంటూరు గ్రహణంతో రాచబాట అయినది. మరుసటి ఏడు, 1869లో, అమెరికాలో కనిపించిన గ్రహణంలో సూర్యుని చుట్టూ ఉండే కరోనా అనే తెల్లని ప్రభలో ఒక ఆకుపచ్చ గీత కనబడినది. ఆ గీతను భూమి మీద తెలిసిన ఏ మూలకమూ ఇవ్వలేదు. దాదాపు 70 సంవత్సరాలు అది చిక్కుముడిగానే ఉండిపోయినది. జర్మనీలో గ్రోట్రియన్, స్వీడనులో ఎడ్లెన్ 1939 మొదలు 1940వ దశాబ్దపు తొలి సంవత్సరాలలో ఆ ముడి విప్పినారు. ఆ గీత మామూలు ఇనుముదే, కాని 13 ఎలక్ట్రానులు ఊడిపోయిన ఇనుముది. ఇనుమును అంతగా వలిచివేయాలంటే 10 లక్షల డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. సూర్యుని ఉపరితలపు వేడి దాదాపు 5,500 డిగ్రీలే. అంత వేడిలో ఎక్స్ కిరణాలు చెప్పుకోదగినంతగా పుట్టవు. కరోనా వేడిలో మాత్రం అవి పుట్టి తీరవలెను.

మూగబోయిన రేడియోలు

ఇంతలో రేడియో వచ్చినది. 1930లో జర్మనీకి చెందిన మోగెల్, 1935 ప్రాంతాన అమెరికాకు చెందిన డెల్లింజర్, హ్రస్వతరంగాల రేడియోలు భూమికి పగలున్న సగభాగంలో మాత్రమే ఏకకాలంలో మూగవోవుటను గమనించినారు. సూర్యుని మీద జ్వాల కనిపించిన నిమిషాలలోనే ఇది జరుగుచున్నది. కనుక దీనికి కారణమైనది వెలుగుతో సమాన వేగంతో వచ్చే కిరణమే కావలెను. అది ఏ కిరణం? అతినీలలోహితమని కొందరు, ఎక్స్ కిరణమని కొందరు వాదించినారు.

మన దేశంలో అయనావరణ పరిశోధనకు పేరుపొందిన కేంద్రాలలో వాల్తేరు ఒకటి. ఉద్దానం ఉన్న తీరాననే, కొంత దక్షిణంగా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారి ఆధ్వర్యాన ఆ కృషి సాగినది. రేడియో స్పందాన్ని పైకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని కొలచుట ఇటువంటి పరిశోధనకు ప్రధానమైన పద్ధతి. పెద్ద జ్వాల వచ్చిన వేళ ప్రతిధ్వని సన్నగిల్లి, ఒక్కొక్కప్పుడు పూర్తిగా అదృశ్యమగును. కాని నేలమీద కూర్చొని ఫలితాన్ని చూడవచ్చునే గాని, కారణమైన కిరణాన్ని పట్టుకొనుటకు వీలులేదు. గాలి దానిని పైననే మింగివేయును.

రాకెట్ల సాక్ష్యం

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనులు వాడిన వి-2 రాకెట్లు యుద్ధానంతరం అమెరికా చేతికి వచ్చినవి. 1949 సెప్టెంబరు 29న హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ బృందం అటువంటి రాకెట్టులో గణక యంత్రాలు పెట్టి పంపి, సూర్యుని నుంచి ఎక్స్ కిరణాలు నిజంగా వచ్చుచున్నవని కొలచి చూపినది. అవి ప్రశాంతమైన కరోనా ఇచ్చే కిరణాలు.

జ్వాల కిరణాలను పట్టుట మరింత కష్టం. జ్వాల చెప్పి రాదు. రాకెట్టు ఎక్కుపెట్టేలోపు చల్లారిపోవును. అందుకని 1956 జులైలో ఫ్రీడ్‌మన్ ఒక ఉపాయం చేసినారు. పసిఫిక్ సముద్రంలో ఓడ మీదినుంచి చిన్న రాకెట్టును బెలూనుకు వేలాడగట్టి వదలినారు. అది ఎత్తున తేలుతూ ఉండగా, సూర్యుని మీద జ్వాల లేచిన కబురు అందగానే, రేడియో సంకేతంతో రాకెట్టును ఎగురవేసినారు. అది పంపిన కొలతలో, డి పొర దాకా చొచ్చుకు రాగల ఎక్స్ కిరణాలు కనబడినవి. 1960 జూన్ 22న ఎగిరిన సోల్‌రాడ్-1 ఉపగ్రహం సూర్యుని ఎక్స్ కిరణాలను కనిపెట్టి ఉండి, అవి పెరిగినప్పుడు రేడియోలు మూగవోవుచున్నవని నిశ్చయపరచినది. 1859 నాటి కొక్కెం అర్థం నూరేండ్లకు విశదమైనది.

బ్రేకు వేసిన ఎలక్ట్రాను

మరి జ్వాలలో ఎక్స్ కిరణాలు ఎట్లా పుట్టుచున్నవి? వేగంగా పోతున్న ఎలక్ట్రాను ఒక పరమాణు కేంద్రకం పక్కగా పోయేటప్పుడు దాని ఆకర్షణకు లోబడి దారి వంగి, వేగం తగ్గును. పలాస స్టేషనులో ఆగే రైలు బ్రేకు వేసినప్పుడు దాని చలనశక్తి చక్రాల దగ్గర వేడిగా మారును గదా! ఎలక్ట్రాను పోగొట్టుకొన్న శక్తి కిరణంగా వెలువడును. ఎలక్ట్రాను వేగం చాలినంత ఉంటే అది ఎక్స్ కిరణమగును. ఆసుపత్రిలోని ఎక్స్‌రే గొట్టంలో ఎలక్ట్రానులు లోహపు పలకను తాకినప్పుడు ముఖ్యంగా జరిగేదీ ఇదే.

సూర్యుని మీద ఇది రెండు విధాలుగా జరుగును. జ్వాలలోని వాయువు 1 మొదలు 3 కోట్ల డిగ్రీల దాకా వేడెక్కినప్పుడు, ఆ వేడికి పరుగెత్తే ఎలక్ట్రానులన్నీ కొంచెం కొంచెంగా కిరణాలు ఇచ్చును. వీటికి తోడు, వలిచిన ఇనుము, కాల్షియం వంటి పరమాణువులు తమ సొంత గీతలను ఇచ్చును. ఇవి మృదు ఎక్స్ కిరణాలు. నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా తగ్గును. రెండవవి కఠిన ఎక్స్ కిరణాలు. 1958 మార్చి 20న క్యూబా నుంచి ఎగిరిన బెలూనులోని యంత్రాలలో పీటర్సన్, వింక్లర్ అనే వారు జ్వాల మొదట్లోనే కొద్ది సెకండ్లపాటు మహాశక్తిమంతమైన కిరణాల విసురును చూచినారు. అవి కేవలం వేడివల్ల పుట్టినవి కావు. కాంతి వేగంలో సగం వరకు కూడ అందుకొనే ఎలక్ట్రానుల గుంపులు పైనుంచి దిగివచ్చి, సూర్యుని దట్టమైన దిగువ పొరలను గుద్దుకొన్నప్పుడు పుట్టినవి.

ఈ రెంటికీ గల సంబంధాన్ని 1968లో వెర్నర్ న్యూపర్ట్ కనుగొన్నాడు. పలాస కర్మాగారాలలో జీడిగింజలను ఆవిరి మీద ఉడికించే బాయిలరును తలచుకుంటే ఇది సులభంగా తెలియును. పొయ్యిలో కట్టెలు ఎంత జోరుగా వేయుచున్నారన్నది ఒక లెక్క. బాయిలరులో అంతవరకు చేరిన వేడి మరొక లెక్క. కఠిన కిరణాలు మొదటి లెక్క చెప్పును, మృదు కిరణాలు రెండవది చెప్పును. ఎలక్ట్రానుల గుద్దుకు దిగువ పొర ఉడికి, పైకి పొంగి, అయస్కాంత తోరణాలను నింపి, మృదు కిరణాలతో ప్రకాశించును. కట్టెలు వేయుట ఆగిన తరువాత కూడ బాయిలరు వేడిగా ఉన్నట్లు, మృదు కిరణాలు చాలాసేపు నిలుచును.

తాడు పురి

ఎలక్ట్రానులకు అంత వేగం ఎవరిచ్చినారు? 1908లో జార్జి హేల్ సూర్యుని మచ్చలలో బలమైన అయస్కాంత క్షేత్రాలున్నవని కనుగొన్నాడు. సూర్యుని ఉపరితలం కింది వాయువు ఎప్పుడూ కలగుండు పడుతూ ఉండుటవల్ల ఆ క్షేత్రాల బలరేఖలు మెలిపడును. ఉద్దానంలో కొబ్బరిపీచు తాడు పేనేవారికి ఈ సంగతి చేతి అనుభవమే. పురి ఎక్కిన కొద్దీ తాడులో శక్తి చేరును. పురి మితిమీరితే తాడు ముడుచుకొని ఎగిరిపడును.

ఎదురెదురు దిశల బలరేఖలు దగ్గరకు వచ్చినచోట అవి తెగి, కొత్త జతలుగా కలియుననీ, అప్పుడు దాచి ఉన్న శక్తి విడుదలగుననీ జియోవనెల్లి 1946-47 ప్రాంతాన సూచించిన భావాన్ని, 1950వ దశాబ్దంలో స్వీట్, పార్కర్ లెక్కలతో రూపొందించినారు. 1964లో పెట్షెక్ ఇది వేగంగా జరిగే మార్గం చూపినాడు. ప్రత్యక్ష సాక్ష్యం జపాను వారి యోకో ఉపగ్రహం ఇచ్చినది. 1992 జనవరి 13 నాటి జ్వాలలో, ప్రకాశించే తోరణానికి పైన, మరేమీ లేదనుకున్న చోట, కఠిన ఎక్స్ కిరణాల గుర్తు కనిపించినది. రేఖలు తెగి కలిసే స్థలం తోరణానికి పైననే ఉన్నదని దానివల్ల బలంగా తెలిసినది. ఒక పెద్ద జ్వాలలో విడుదలయ్యే శక్తి, ప్రపంచ ప్రజలందరూ ఇప్పుడు ఏడాదికి వాడే సమస్త శక్తికి వేలాది రెట్లు. అయితే అంతటి ఎలక్ట్రానుల సేనను కొన్ని సెకండ్లలో అంత వేగానికి ఎక్కించే పద్ధతి పూర్తిగా తేలలేదు. ఆ ప్రశ్న నేటికీ పరిశోధనలోనే ఉన్నది.

శ్రీహరికోట నుంచి

ఈ పరిశోధనలో తెలుగు తీరానికి పాలు ఉన్నది. 2003 మే 8న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీశాట్-2 ఉపగ్రహంలో సాక్స్ అనే సౌర ఎక్స్ కిరణ పరికరం ఉన్నది. అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాల దానిని రూపొందించినది. 2019 జులై 22న బయలుదేరిన చంద్రయాన్-2లో అదే పరిశోధనశాల వారి మరొక పరికరం, చంద్రుని చుట్టూ తిరుగుతూ, సూర్యుడు మిక్కిలి శాంతంగా ఉన్న కాలంలో కూడ 76 దినాలలో 98 అతిచిన్న జ్వాలలను పట్టుకొన్నది. 2023 సెప్టెంబరు 2న ఎగిరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన కక్ష్యను చేరిన ఆదిత్య-ఎల్1లో మృదు కిరణాలకు సోలెక్స్, కఠిన కిరణాలకు హీలియోస్ అనే పరికరాలున్నవి. దారిలో ఉండగానే, 2023 అక్టోబరు 29న, హీలియోస్ ఒక జ్వాల తొలి విసురును నమోదు చేసినది.

జ్వాలల బలాన్ని నేడు మృదు ఎక్స్ కిరణాలతోనే కొలుచుచున్నారు. ఎ, బి, సి, ఎం, ఎక్స్ అని వరుస తరగతులు. ఒక్కొక్కటి ముందుదానికి పదిరెట్లు. ఎక్స్-1 జ్వాల ఎక్స్ కిరణాలు భూమివద్ద చదరపు మీటరుకు పదివేలవ వంతు వాట్ మాత్రమే. మామూలు ఎండలో ఇది కోటవ వంతు కంటె తక్కువ. అంత స్వల్పమైన కిరణమే సగం భూమి మీద రేడియోను ఆపగలుగుచున్నది.

మళ్ళీ ఉద్దానం తీరాన

తుఫాను, జ్వాల ఒకదానికొకటి కారణాలు కావు. కాని ఒకే రోజున రాకూడదనే నియమమూ లేదు. 2017 సెప్టెంబరు 6న కరేబియన్ దీవులను ఇర్మా తుఫాను ధ్వంసం చేయుచున్న రోజుననే, ఎక్స్-9.3 తరగతి జ్వాల లేచినది. అప్పుడు ఆ దీవులలో పొద్దున వేళ. తుఫాను సహాయానికి వాడుచున్న హ్రస్వతరంగ రేడియోలు మూగవోయినవి. ఉద్దానంలో అది సాయంత్రం అయిదున్నర. సూర్యుడు పడమట వాలి ఉన్నాడు.

ఉత్తరాంధ్ర తీరానికి అది వెంట్రుకవాసిలో తప్పిన సందర్భమూ ఉన్నది. 2014 అక్టోబరు 12న మిట్టమధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటి, శ్రీకాకుళం జిల్లాను కూడ నష్టపరచినది. అది సౌరచక్రం ఉచ్చస్థితిలో ఉన్న సంవత్సరం. సరిగా ఏడు రోజులకు, అక్టోబరు 19 ఉదయం పదిన్నర గంటలకు, అప్పటికి 24 ఏండ్లలో అతి పెద్దదైన మచ్చల గుంపు నుంచి ఎక్స్-1.1 జ్వాల లేచినది. ఆ వేళ ఉద్దానం మీద సూర్యుడు బాగా పైకెక్కి ఉన్నాడు. తిత్లీ వచ్చినది చీకటివేళ, అదీ సూర్యుడు మందగించిన కాలంలో. రాత్రి పూట జ్వాల ఎక్స్ కిరణాలు మన వైపు పడవు. ఆ రెండు సార్లూ తీరాన్ని కాపాడినది కాలమే గాని మన ముందుజాగ్రత్త కాదు.

ఎక్స్ కిరణాలు వెలుగుతోపాటే, 8 నిమిషాల చిల్లరలో వచ్చును. చూచిన తరువాత హెచ్చరించడానికి వ్యవధి లేదు. మచ్చల గుంపులను కనిపెట్టి, జ్వాలకు అవకాశం ఎంత ఉన్నదో ముందుగా అంచనా వేయుట ఒక్కటే మార్గం. రేడియో నడిపేవారు తెలుసుకోవలసినవి మాత్రం కొన్ని ఉన్నవి. తరంగ పౌనఃపున్యం పెరిగిన కొద్దీ డి పొరలో నష్టం త్వరితంగా తగ్గును. కనుక వీలయినంత ఎక్కువ పౌనఃపున్యానికి మారవలెను. పడవలలో వాడే వి.హెచ్.ఎఫ్. రేడియో అద్దంతో పనిలేక నేరుగా పోవును గనుక, దగ్గరి దూరాలకు అది నిలుచును. ఉపగ్రహ టెలిఫోను తరంగాలు ఇంకా ఎక్కువ పౌనఃపున్యం గలవి. వాటిని డి పొర మింగలేదు. ఏదీ లేనప్పుడు ఓపిక పట్టవలెను. జ్వాల చల్లారినకొద్దీ, సాధారణంగా గంటకో రెండు గంటలకో, రేడియో దానంతటదే పలుకును. యంత్రం చెడినదని విప్పి పారవేయరాదు.

రేడియోను మూగపరచే గాలిపొరలే, ఆ కిరణాలను నేలదాకా రానీయక ప్రాణులను రక్షించుచున్నవి. బారువ నుంచి భావనపాడు దాకా వేటకు పోయేవారి తలలపై ఆ కవచం ఎప్పుడూ ఉన్నది. కవచం పనిచేసిన ఘడియలో మాట ఆగిపోవును. మాట ఆగినప్పుడు వేరొక దారి సిద్ధంగా ఉంచుకొనుట మనుష్యుల పని.